నెలకు పది వేలు మిగల్చాలి: ఇంట్లో ఎక్కడ బిగించాలి, ఎక్కడ బిగించకూడదు?

శ్రావణమేఘం (నిజాంపేట, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఇంట్లో నలుగురం. నేను, మావారు, అత్తయ్యగారు, రెండో తరగతి చదివే బాబు. మావారి జీతం చేతికొచ్చేది 46 వేలు. నెల తిరిగేసరికి వెయ్యి మిగిలితే గొప్ప. వచ్చే నెల నుంచి ఎలాగైనా పది వేలు పక్కన పెట్టాలని గట్టిగా అనుకున్నాం.

పద్దు ఇదీ. అద్దె 13 వేలు, మెయింటెనెన్స్ వెయ్యి. సరుకులు, కూరగాయలు, పాలు, అప్పుడప్పుడు బయటి నుంచి తెప్పించుకునే తిండి కలిపి 11 వేలు. బాబు స్కూలు, ఆటో 5 వేలు. అత్తయ్యగారి మందులు 2,800. పెట్రోలు 3 వేలు. కరెంటు, గ్యాసు, ఫోన్లు, నెట్ కలిపి 3,200. ఒక అప్పు తాలూకు వడ్డీ 6 వేలు.

నా చేతిలో ఉన్నది వంటిల్లే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాను. రాత్రి తొమ్మిది దాటాక రైతుబజారు బయట కూరగాయలు చవగ్గా ఇస్తారు, అప్పుడు వెళ్తున్నాను. గుడ్లు మానేశాం. పాలు లీటరు నుంచి అర లీటరుకు తగ్గించాను. ఇంకా ఏమేం తగ్గించవచ్చో మీ ఇళ్ళల్లో చేసేవి చెప్పండి.

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మాయ్, సరుకులు నెలనెలా కొనడం మానేసి వేటి కాలంలో వాటిని కొను. కొత్త చింతపండు ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. ఎండు మిరపకాయలూ అప్పుడే. ఏడాదికి సరిపడా తీసుకుని, చింతపండు గింజలూ పీచూ తీసి, కాస్త ఉప్పు కలిపి జాడీలో గట్టిగా కూరిపెడితే మళ్ళీ కొట్టు మొహం చూడక్కర్లేదు. కందిపప్పు కొత్త పంట జనవరి, ఫిబ్రవరిలో దిగుతుంది. టమాటా కిలో పది రూపాయలకు పడిపోయిన వారంలో పది కిలోలు తెచ్చి నిల్వ పచ్చడి పెట్టేసెయ్. టమాటా అరవై అయిన నెలలో నీకే తెలుస్తుంది.

తొక్కలు పారెయ్యకు. బీరకాయ ఉంది కదా, పైన గట్టి ఈనెలు మాత్రం తీసి పారేసి, చెక్కు కాస్త కండతో సహా తీసుకో. ముందు ముక్క కొరికి చేదు లేదని చూసుకో, చేదుగా ఉంటే కాయ మొత్తం పారెయ్యాల్సిందే. ఆ చెక్కు చెంచాడు నూనెలో సన్న సెగ మీద వేయించు. పచ్చి వాసన పోయి, గిన్నెడు చెక్కు గుప్పెడయ్యే దాకా ఓపిక పట్టాలి. అక్కడ తొందరపడితే పచ్చడి గడ్డి వాసన కొడుతుంది. విడిగా మినప్పప్పు, శనగపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి వేయించి, ఉసిరికాయంత చింతపండు వేసి ముందు వాటిని నూరి, చెక్కు ఆఖర్న వేసి కచ్చాపచ్చాగా తిప్పు. కూర ఒక పూటకి, పచ్చడి రెండు పూటలకి. ఆనపకాయ తొక్కూ ఇలాగే చేసుకోవచ్చు.

గ్యాసు సంగతి. బియ్యం, పప్పు అరగంట నానబెట్టి కుక్కర్లో ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి దించు. మూత లేకుండా ఏదీ ఉడికించకు. మంట పసుప్పచ్చగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు పూడుకుపోయినట్టే, పిన్నీసుతో శుభ్రం చెయ్యి.

తీగలమనిషి (వరంగల్)

కరెంటు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. శ్రావణి గారూ, మీ బిల్లు మీద యూనిట్లు ఎన్నో చెబితే నేను సరిగ్గా చెప్పగలను.

శ్రావణమేఘం

పోయిన నెల 225 అండి. అంతకుముందు నెల 218. ఏసీ లేదు. ఫ్రిజ్, రెండు పాత ఫ్యాన్లు, టీవీ, వాషింగ్ మెషీన్, చలికాలంలో గీజరు.

తీగలమనిషి

అనుకున్నాను. మీరు సరిగ్గా గోడ దాటి పడుతున్నారు.

తెలంగాణలో 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 200 దాటారో, మొదటి 200 యూనిట్లకూ రేటు 5.10కి మారిపోతుంది, ఆపైన ఒక్కో యూనిట్ 7.70. ఆ ఒక్క యూనిట్ దాటినందుకే రెండు వందల పైన పడుతుంది. మీ 225 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ దాదాపు 1,212. అదే 190 లోపు ఉంటే 770 దగ్గర తేలిపోతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ వగైరా వేరు. రేట్లు మారుతుంటాయి, మీ బిల్లులో ఒకసారి సరిచూసుకోండి.

ఎక్కడ తగ్గించాలంటే మీ పాత ఫ్యాన్లలో. పాతది 75 వాట్లు తింటుంది. రోజుకు 16 గంటలు తిరిగితే 1.2 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, బీఎల్‌డీసీ ఫ్యాన్, 30, 35 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఒక్కో ఫ్యానుకు నెలకు 19 యూనిట్ల దాకా తగ్గుతాయి. రెండు మారిస్తే మీరు 190 లోపుకు వచ్చేస్తారు. రెండింటికీ 5,500, 6 వేలు అవుతుంది. ఏడాదికి అటూ ఇటూగా ఆ డబ్బు తిరిగొస్తుంది. లైట్లు ఆర్పుకుంటూ చీకట్లో కూర్చోనక్కర్లేదు, తొమ్మిది వాట్ల బల్బు పది గంటలు వెలిగినా పూర్తి యూనిట్ కూడా కాదు. గీజరు మాత్రం అరగంటకే ఒక యూనిట్.

రేషన్ కార్డు ఉంటే 200 యూనిట్ల దాకా గృహజ్యోతి కింద అసలు బిల్లే రాదు, అద్దెకుండేవాళ్ళకూ వర్తిస్తుంది. 200 దాటిన నెలలో మాత్రం మొత్తం కట్టాలి.

శ్రావణమేఘం

మాకు రేషన్ కార్డు లేదండి, ఆదాయ పరిమితి దాటుతుంది. ఫ్యాన్ల సంగతి మావారికి చూపిస్తాను. ఈ లెక్క మాకు ఎవరూ చెప్పలేదు.

కృష్ణలంక (విజయవాడ)

ఆంధ్రా వాళ్ళు గమనించండి, మన దగ్గర ఆ గోడ లేదు. ఒక శ్లాబు, అంటే ఒక రేటు వర్తించే యూనిట్ల మెట్టు, దాటితే దాటిన యూనిట్లకే పై రేటు పడుతుంది. 225 దాటాక యూనిట్ 8.75 కాబట్టి అక్కడ జాగ్రత్త పడాలి. సొంతిల్లు ఉన్నవాళ్ళు సూర్యఘర్ పథకం చూసుకోండి. మూడు కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తోంది.

పైసాపైసా (నెల్లూరు)

శ్రావణి గారికి ధైర్యం చెప్పడానికి రాస్తున్నాను. మా పెళ్ళయిన కొత్తలో నా జీతం 9 వేలు. పాలు మానేశాం, టీ మానేశాం. రేషన్ బియ్యం, మజ్జిగ, పచ్చడి. పండక్కి పిల్లలకు తప్ప మాకు కొత్త బట్టలు లేవు. మా ఆవిడ ఆరేళ్ళు సినిమా చూడలేదు. నోరు కట్టుకుని, పైసా పైసా కూడబెట్టి స్థలం కొన్నాం, తర్వాత ఇల్లు కట్టుకున్నాం. ఇవాళ అద్దె కట్టే పని లేదు. కొన్నేళ్ళు పొట్ట కట్టుకుంటే జీవితాంతం తింటాం. గుడ్లు మానేశారు, మంచిదే. పాలు కూడా బాబుకు ఒక గ్లాసు చాలు. పెద్దవాళ్ళకు ఎందుకు?

జ్వరమాని (హనుమకొండ)

నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుని. పైసాపైసా గారూ, మీరు కట్టిన ఇంటి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ సలహా ఒప్పుకోలేను.

ఇళ్ళల్లో "పొట్ట కట్టుకోవడం" అంటే ఎవరి పొట్ట? నేను వార్డులో చూసేది చెబుతాను. ముప్పై రెండేళ్ళ అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయి వస్తుంది. హిమోగ్లోబిన్ 6 ఉంటుంది. ఏం తింటున్నావమ్మా అంటే "అందరితో పాటే తింటానండి" అంటుంది. తోడొచ్చిన చిన్న కూతురు మాత్రం "అమ్మ ఆఖర్న తింటుంది, కూర ఉండదు" అని చెప్పేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే పది మందిలో దాదాపు ఆరుగురు. ఖర్చు తగ్గించాలని ఇంట్లో అనుకున్న ప్రతిసారీ ముందు తగ్గేది ఆ ఇల్లాలి కంచంలోనే.

శ్రావణి గారూ, అడుగుతున్నానని ఏమనుకోకండి. అర లీటరు పాలల్లో మీకు వచ్చేవి ఎన్ని? మీరు గుడ్డు తిని ఎన్నాళ్ళయింది? అత్తయ్యగారి మందుల్లో ఏమైనా కోత పెట్టారా?

శ్రావణమేఘం

మేడం, మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. పాలు బాబుకి, అత్తయ్యగారి మజ్జిగకి సరిపోతాయి. నేను టీ పొడి, బెల్లంతో డికాషన్ తాగుతున్నాను. నాకు అలవాటైపోయింది, పెద్ద కష్టంగా లేదు.

మందుల విషయం మాత్రం ఈ మధ్యే తెలిసింది. అత్తయ్యగారు నాకు చెప్పకుండా షుగర్ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. డబ్బా ఇంకా నిండుగా ఉందేమిటని అడిగితే "మీకు భారం ఎందుకమ్మా, నాకు బాగానే ఉంది" అన్నారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

జ్వరమాని

ఈ రోజు నుంచే మాత్రలు డాక్టరు రాసిన ప్రకారం వేయించండి. ఇది వాయిదా వేసే విషయం కాదు. షుగర్ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటే ఆ నెల మూడు వందలు మిగులుతాయి, తర్వాత కాలి పుండుకో, కిడ్నీకో, కంటికో లక్షలు పోస్తారు. నేను రోజూ చూస్తున్నాను.

ఖర్చు తగ్గించే దారి మందుల్లోనే ఉంది. చీటీ పట్టుకుని జన ఔషధి కేంద్రానికి వెళ్ళండి. నిజాంపేట, కూకట్‌పల్లి చుట్టుపక్కల వెతికితే దొరుకుతుంది. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ లాంటి రోజువారీ మందులు అక్కడ బ్రాండు మందుల కంటే సగం నుంచి తొంభై శాతం దాకా తక్కువ ధరకు వస్తాయి. ముందు డాక్టరుకు చూపించి, మందు పేరు, మోతాదు అవేనని అడిగి తెలుసుకోండి. రెండు మందులు కలిసిన మాత్ర అయితే అదే కలయిక ఉందో లేదో ప్రత్యేకంగా చూడాలి. మీ పేటలో బస్తీ దవాఖానా ఉంటే బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం, మందులూ ఇస్తారు.

మీరు కూడా అక్కడే రక్తపరీక్ష చేయించుకోండి. గుడ్డు ఆరేడు రూపాయలు. ఆ ధరకు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఇంకెక్కడ దొరుకుతాయి? ఇంట్లో అందరికీ రోజుకొక గుడ్డు, మీకు పూటకు ఒక కప్పు పప్పు, వారానికి మూడు రోజులు తోటకూరో మునగాకో. వీటిని ముట్టుకోకుండా మిగతాది ఎంత బిగించినా నాకు అభ్యంతరం లేదు.

పైసాపైసా

నర్సమ్మ గారూ, మీరు చెప్పింది మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. కానీ ఒక మాట. 9 వేల జీతంలో మాకు ఇంకో దారి లేదు. అప్పటి పరిస్థితి అది. ఇప్పుడు 46 వేల ఇంట్లో అలా చేయాల్సిన అవసరం లేదంటే ఒప్పుకుంటాను. మందుల విషయంలో మీ మాటే ఖాయం.

పద్దుపుస్తకం (గుంటూరు)

అందరూ వంటింట్లోనే తిరుగుతున్నారు. శ్రావణీ, "ఒక అప్పు తాలూకు వడ్డీ 6 వేలు" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశావమ్మా. నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేశాను, నా కన్ను అక్కడే ఆగింది. ఎంత అప్పు? ఎవరి దగ్గర? ఏం తాకట్టు?

శ్రావణమేఘం

మామయ్యగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు తీసుకున్నామండి. మా వీధి చివర తాకట్టు కొట్టులో నా బంగారం పెట్టి 3 లక్షలు. నూటికి రెండు రూపాయల వడ్డీ. రెండు తాకట్టు చీటీలు. ఒకదాని మీద 1,20,000, ఇంకోదాని మీద 1,80,000. ఆ రాత్రి బ్యాంకులు తెరిచి లేవు, ఆయన వెంటనే ఇచ్చాడు. అసలు కట్టలేక వడ్డీ కడుతూ వస్తున్నాం.

పద్దుపుస్తకం

సరే. అప్పుడు అది తప్పలేదు, దాని గురించి మాట్లాడను. ఇక మీదట చేయాల్సింది చెబుతాను.

నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో బంగారం మీద అప్పు తొమ్మిది, పది శాతానికి దొరుకుతుంది. 3 లక్షలకు తొమ్మిదింపావు శాతం అనుకుంటే నెలకు 2,300 చిల్లర. అంటే నువ్వు ప్రతి నెలా 3,700 ఊరికే పోగొట్టుకుంటున్నావు. పాల ప్యాకెట్టు దగ్గర, గుడ్ల దగ్గర, బీరకాయ తొక్క దగ్గర నువ్వు పడుతున్న పాటు మొత్తం కలిపినా ఇందులో సగం రాదు.

ఎలా మార్చాలంటే, రెండు చీటీలు ఉండటం నీ అదృష్టం. ముందు చిన్న చీటీ తీసుకో. 1,20,000, దాని వడ్డీ ఒక్క రోజుకు సర్దగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అన్నదమ్ములో, మీవారి స్నేహితులో? పొద్దున్నే కొట్టుకెళ్ళి ఆ నగలు విడిపించి, అటు నుంచి అటే బ్యాంకుకు తీసుకెళ్ళి పెట్టు. మీరు పెట్టిన నాటికీ ఇప్పటికీ బంగారం ధర బాగా పెరిగింది, కాబట్టి అవే నగల మీద 1,20,000 కంటే ఎక్కువ ఇస్తారు. సర్దినవాళ్ళకు సాయంత్రానికి తిరిగిచ్చేసి, పైన వచ్చింది రెండో చీటీ అసలు కిందికి కొంత కట్టెయ్. ఎక్కువ ఇస్తామన్నారు కదా అని ఇంటి ఖర్చుకు మాత్రం ఒక్క రూపాయి తీసుకోకు.

కొట్టులో నగలు చేతికొచ్చాక అక్కడే తూకం వేయించు. చీటీ మీద రాసిన బరువుతో సరిచూసుకుని, చెల్లు రాయించుకుని ఆ చీటీ తెచ్చుకో. బ్యాంకుకు ఆధార్, పాన్, ఫొటోలు తీసుకెళ్ళు. నగలు పరీక్షించినందుకు కొద్దిగా రుసుము ఉంటుంది. అసలు ఎప్పుడు ఎంత ఉంటే అంత కట్టే వీలు ఉందో లేదో ముందే అడుగు.

కొబ్బరాకు (అమలాపురం)

పద్దుపుస్తకం గారూ, మరి నెలకు ఐదు వేల చీటీ ఒకటి కట్టమనొచ్చు కదా? మా ఊళ్ళో అందరూ అలాగే కూడబెడతారు.

పద్దుపుస్తకం

ఇప్పుడు వద్దండి. 24 శాతం అప్పు నెత్తిన పెట్టుకుని పోస్టాఫీసు ఆర్డీలో (నెలనెలా కట్టే పొదుపు) 6.7 శాతానికి దాచినా, చీటీ కట్టినా, మిగిలేదేం లేదు. చేతికొచ్చిన ప్రతి రూపాయీ ముందు ఆ అప్పు అసలులోకి వెళ్ళాలి. అప్పు తీరాక చీటీ కట్టదలిస్తే 1982 చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్టరయిన కంపెనీలోనే కట్టండి. ఇంటి పక్కావిడ నడిపే చీటీలో డబ్బు పోతే అడిగే దిక్కుండదు. అత్యవసరానికి మాత్రం పది, పదిహేను వేలు సేవింగ్స్‌లో ఉంచుకోవాలి, లేకపోతే మళ్ళీ ఆ కొట్టు మెట్లే ఎక్కుతారు.

మోడరేటర్

సభ్యులకు మనవి. ఈ చర్చలో ఇద్దరు కొత్త సభ్యులు "ఐదు నిమిషాల్లో లోన్" అంటూ యాప్ లింకులు పెట్టారు. తొలగించాం. ఎవరికైనా విడిగా మెసేజ్ వస్తే తెరవకుండా మాకు తెలియజేయండి.

ఎడారిపిట్ట (కువైట్, సొంతూరు జగిత్యాల దగ్గర)

నేను ఇక్కడ ఒక రూములో ఆరుగురితో ఉంటాను. వంతులేసుకుని వండుకుంటాం. శుక్రవారం తప్ప కూర ఒకటే. నా ఖర్చు తగ్గించుకోవడం నాకు కష్టం కాదు. ఊళ్ళో ఫంక్షన్ల ఖర్చే మా ఇంటిని తినేస్తోంది. చీర కట్టించే ఫంక్షన్, గృహప్రవేశం, పుట్టినరోజు, అన్నింటికీ చదివింపులు, బట్టలు పెట్టడం. మనకు వాళ్ళు వెయ్యి పెట్టారు, మనం పదిహేను వందలు పెట్టకపోతే పరువు పోతుందంటారు. పోయిన ఏడాది మా ఆవిడ, నేను ఫోన్లో కూర్చుని లెక్కేస్తే రెండు నెలల నా కష్టం అందులోకే పోయింది. శ్రావణి అక్క పద్దులో ఆ లైనే లేదు. అక్కా, అది ఎక్కడ రాశావు?

శ్రావణమేఘం

తమ్ముడూ, నిజమే, అది విడిగా రాయలేదు. వచ్చిన నెలలో సరుకుల డబ్బులోంచి తీసి పెట్టేస్తాను. ఆ నెల సరుకులు తగ్గుతాయి.

మూడుముళ్ళు (ఖమ్మం)

మేము అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం కలిసి కూర్చుని ఒక మాట అనుకున్నాం. మా ఐదు ఇళ్ళ మధ్య ఇక చదివింపులు లేవు, బట్టలు పెట్టుకోవడాలు లేవు. పెళ్ళి అయితే అందరం కలిసి ఒకే వస్తువు కొనిస్తాం. మొదట్లో మా పెద్దక్క చిన్నబుచ్చుకుంది. తర్వాత తన కూతురి పెళ్ళికి ఐదిళ్ళ వాళ్ళం కలిసి ఫ్రిజ్ ఇస్తే సంతోషించింది. ఒక్కరే ఆపేస్తే మాట పడాలి. అందరూ కలిసి ఆపితే ఎవరికీ చిన్నతనం ఉండదు.

గోదారిగట్టు

బాగా చేశారు బాబూ. నగలు చేయించేవాళ్ళకు కూడా ఒక మాట. తరుగు, మజూరి, దానిపైన 3 శాతం జీఎస్టీ, ఇవన్నీ అమ్మేటప్పుడు తిరిగి రావు. కూడబెట్టుకోవడానికే బంగారం కొంటుంటే రాళ్ళూ పువ్వులూ ఉన్న నగ కొనకండి.

అరటితోట (తెనాలి)

నాకు శ్రావణి గారి మొదటి పోస్టులో ఒక వాక్యం పట్టుకుంది. "నా చేతిలో ఉన్నది వంటిల్లే కాబట్టి" అన్నారు. పెట్రోలు 3 వేలు, ఫోన్లు, నెట్, బయటి తిండి, ఇవి ఎవరి చేతిలో ఉన్నాయి? మీవారు కూడా ఈ లెక్కలో కూర్చున్నారా? మా ఇంట్లో మేమిద్దరం నెలాఖరు ఆదివారం పుస్తకం ముందేసుకుని కూర్చుంటాం. ఎవరి ఖర్చు వాళ్ళే చదవాలి. నా ఖర్చులు ఆయన, ఆయన ఖర్చులు నేను చదివితే గొడవే. ఎవరిది వాళ్ళు పైకి చదువుకుంటే ఏది తీసెయ్యాలో వాళ్ళకే తెలుస్తుంది. మావారు అలా చదువుతూనే సిగరెట్లు సగానికి తగ్గించారు, నేను అడగలేదు.

స్కూలు ఎంత దూరం? ఆటో తప్పదా?

శ్రావణమేఘం

స్కూలు ఒకటిన్నర కిలోమీటరు. ఆటోకు 1,800. మావారు ఆఫీసుకు వెళ్ళేది అదే దారి. సాయంత్రం నేను నడిచి తీసుకురావచ్చు. మేము ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. ఈ చర్చ మొత్తం ఈ రాత్రి మావారికి చూపిస్తాను.

కోఠీపుస్తకం (హైదరాబాద్)

పై క్లాసు పిల్లల పుస్తకాలు మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో అడగండి, ఏప్రిల్‌లో చాలామంది ఇచ్చేస్తారు. లేకపోతే కోఠీలో పాత పుస్తకాలు సగం ధరకు దొరుకుతాయి. మీరూ అత్తయ్యగారూ ఎటు వెళ్ళినా ఆధార్ చూపించి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వెళ్ళండి, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. ఆంధ్రాలోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఇచ్చారు.

శ్రావణమేఘం

అందరికీ నమస్కారం. కాస్త ఆలస్యంగా రాస్తున్నాను, ఇంట్లో చాలా పనులు జరిగాయి.

మావారు ఆ రాత్రి మొదటి నుంచి చివరి దాకా చదివారు. నా డికాషన్ సంగతి, అత్తయ్యగారి మాత్రల సంగతి ఆయనకు తెలియదు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. మర్నాడు ఆయనే వెళ్ళి లీటరు పాలు, ఒక అట్ట గుడ్లు తెచ్చారు.

మా అన్నయ్య ఒక రోజుకు డబ్బు సర్దాడు. పద్దుపుస్తకం గారు చెప్పినట్టే చిన్న చీటీ విడిపించి, తూకం చూసుకుని నేరుగా బ్యాంకుకు వెళ్ళాం. ఆ నగల మీదే 2 లక్షలు ఇచ్చారు. అన్నయ్య డబ్బు సాయంత్రానికే ఇచ్చేశాం. పైన వచ్చిన దానిలో 75 వేలు రెండో చీటీ అసలు కింద కట్టాం. చెల్లు రాయించుకున్నాం.

మందులు డాక్టరుగారికి చూపించి జన ఔషధిలో తీసుకున్నాం. ఒక్క మాత్ర మాత్రం అదే కలయిక దొరకలేదు, అది బయటే కొన్నాం. అన్నీ కలిపి 1,150 అయింది. అత్తయ్యగారికి డబ్బా మీద వారాల పేర్లు రాసి బాబు చేతికిచ్చాను, వాడు రోజూ అడిగి మరీ వేయిస్తున్నాడు. నా రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9 వచ్చింది. ఐరన్ మాత్రలు ఇచ్చారు, వేసుకుంటున్నాను.

ఆటో మానిపించాం. మావారు రెండు ఓటీటీలు తీసేసి, ఆదివారం బయటి నుంచి తెప్పించడం మానేద్దామన్నారు. ఫ్యాన్లు బోనస్ వచ్చాక మారుస్తాం. గోదారిగట్టు అమ్మగారూ, బీరచెక్కు పచ్చడి చేశాను, బాబు అన్నం మారు అడిగాడు.

లెక్క వేస్తే వడ్డీ ఇప్పటికే తగ్గింది, రెండో చీటీ కూడా మారిస్తే ఇంకా తగ్గుతుంది. మందుల్లో 1,650, ఆటో 1,800, బయటి తిండి, ఓటీటీలు కలిపి దాదాపు 1,900. పాలు, గుడ్లకు పెరిగింది తీసేసినా, రెండో చీటీ కూడా తీరితే పది వేలకు దగ్గరకు వస్తాం.

ఒక సందేహం. రెండో చీటీలో మిగిలిన 1,05,000 మావారి బోనస్‌తో, బ్యాంకు డబ్బుతో కలిపి కట్టేద్దామనుకుంటున్నాం. బోనస్ 20వ తేదీన వస్తుంది. చీటీ మీద తేదీ 14. నెలాఖరుకు వెళ్ళినా అదేనా?

జ్వరమాని

9 అంటే మూడు నెలలు మానకుండా వేసుకోండి. మాత్ర వేసుకున్న గంట దాకా టీ, కాఫీ వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే భయపడకండి, మాత్రల వల్లే. మళ్ళీ పరీక్ష చేయించాక ఇక్కడ తప్పకుండా రాయండి.

పద్దుపుస్తకం

చాలా సంతోషం అమ్మా. తేదీ సంగతి ముఖ్యం. తాకట్టు కొట్టుల్లో నెల మీద ఒక్క రోజు దాటినా చాలామంది పూర్తి నెల వడ్డీ కట్టించుకుంటారు. నీ చీటీ 14వ తేదీది కాబట్టి 15 నుంచి కొత్త నెల మొదలవుతుంది. 20న వెళ్ళినా, వచ్చే నెల 13న వెళ్ళినా ఆ నెల వడ్డీ 2,100 ఒకటే. మీ అన్నయ్య మళ్ళీ వారం రోజులు సర్దగలిగితే 13న వెళ్ళి విడిపించుకుని 20న ఆయనకిచ్చెయ్, ఆ 2,100 మిగులుతుంది. కుదరకపోతే మాత్రం బోనస్ వచ్చిన 20నే వెళ్ళు, నెలాఖరు దాకా ఆగకు. డబ్బు ఇంట్లో ఉంటే ఏదో ఒక ఖర్చు వచ్చి పడుతుంది. వెళ్ళే ముందు రోజు కొట్టుకు ఫోన్ చేసి చెప్పు. కొందరు నగలు వేరే చోట దాస్తారు, తెప్పించడానికి ఒక పూట పడుతుంది.

శ్రావణమేఘం

అన్నయ్యతో మాట్లాడానండి, సర్దుతానన్నాడు. 13న పొద్దున్నే వెళ్తున్నాం. కొట్టుకు ఇప్పుడే ఫోన్ చేస్తాను.